మూడో గడి లేని బొమ్మ

రెండువేల దశకం మధ్యలో నేను హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, దూరవిద్యలో సోషియాలజీ ఎమ్మే చదువుతుండేదాన్ని. మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. నాతో గదిలో ఉండే అమ్మాయిది పెనుకొండ దగ్గర పల్లె. వాళ్ళ అమ్మా నాయనా కూలికి పోయేవాళ్ళు. తను ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. ఆదివారం తను చర్చి నుంచి రాగానే ఇద్దరం ఇంటర్నెట్ సెంటరుకు పోయేవాళ్ళం.

అప్పట్లో ఇంటర్నెట్లో మా జిల్లా కుర్రకారంతా చేరే గ్రూపు ఒకటి ఉండేది. ఒక ఆదివారం అందులో ఒక బొమ్మ కనిపించింది. కోరమీసాల మనిషి, చేతిలో వేటకొడవలి. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'సీమోడు ప్రేమించినానని చెప్తే ఇట్లుంటాది.' ఇద్దరం పగలబడి నవ్వాం. తనే ముందు ఆపింది.

"అక్కా, మనమూ సీమోళ్ళమే గదా. దీంట్లో నేను యాడుండా?"

కులం, మతం, ఆడపుట్టుక, పేదరికం మనిషి మీదికి విడివిడిగా రావు, అన్నీ కలిసే వస్తాయి అని ఆ రోజుల్లోనే నా ఎమ్మే పాఠంలో చదివాను. చెబుదామనుకుంటుండగా తను కంప్యూటర్లో పెయింట్ తెరిచి గీయడం మొదలుపెట్టేసింది.

నాలుగు గళ్ళు. నాలుగింట్లోనూ రెండు జడల పిల్ల, కాళ్ళూ చేతులూ పుల్లల్లా. మొదటి గడిలో బెంగళూరు బస్సు, 'ఆంధ్రావాళ్ళా?' అని ఎవరో అడుగుతున్నారు. రెండోది హైదరాబాదులో పరీక్ష రాసేచోటు, 'సీమా? బాంబులు తెచ్చుకున్నావా?' మూడోదాంట్లో తన ఊరు. అరుగు మీద ఒకామె చెంబు ఎత్తి పట్టుకుంది, కింద ఈ పిల్ల. 'ఆడ్నే నిలబడు, దోసిలి పట్టు, నీళ్ళు పోస్తా.' నాలుగోదాంట్లో ఫ్యాను కింద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కింద ఒకటే మాట: 'నేను.'

"మూడోది జోకు కాదేమో మే," అన్నాను.

"నాలుగూ కలిపితేనే గదక్కా నేను," అని బొమ్మను గ్రూపులో పెట్టేసింది.

మరుసటి ఆదివారానికి కింద చాలామంది రాశారు. సీమలో అందరం ఒకటే, కులం ఎందుకు తెస్తావు చెల్లీ అని ఒకరు. క్రైస్తవులకు కులం యాడిది అని ఇంకొకరు. ఆడపిల్లకు ఇవన్నీ అవసరమా అని మరొకరు. తను అన్నీ చదివి తల గోక్కుంది.

"ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క తీసేయమంటాండారక్కా. అందరి మాటా వింటే నిద్రపోయేది ఒక్కటే మిగులుతాది."

నవ్వాను. తను మాత్రం నవ్వకుండా లేచి సెంటరువాడికి డబ్బులు కట్టింది.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే చెప్పింది. తనతో పనిచేసే అతను పిలిచి, బెంగళూరు నుంచి ఎవరో పంపిన మెయిలు చూపించాడట. "చూడు, భలే ఉండాది." తన బొమ్మే. గళ్ళు మూడే ఉన్నాయి. అరుగు లేదు, చెంబు లేదు.

"ఒక గడి తక్కువుండాది," అందట.

"నీకెట్ల తెలుసు?"

"గీసింది నేనే గదప్పా."

అతని నవ్వు ఆగిపోయిందట. "ఆ గడిలో ఏముండ్య?" అని అడిగాడట. చెప్పిందట. అతను తెరవైపే చూస్తూ, "ఉండేదుండేట్టు నాకు పంపియ్యి," అన్నాడట.

"కోసినోళ్ళ మీద కోపం రాలేదా మే?" అన్నాను.

"వచ్చింది. నవ్వు రావాలనే కోసినారు. ఊరు వదిలి ఈడికొచ్చినా ఆ గడి నాతోనే వస్తాండాది, వాళ్ళు మాత్రం కత్తెర పెట్టి తీసేసినారు." చెప్పులు విప్పి గోడకానుకుని కూర్చుంది. "కానీ దాంట్లో ఏముండాదని ఇంతవరకు అడిగినోడు అతనొక్కడే అక్కా."

నా పాఠంలో ఉన్నదే ఇది అని చెప్పబోయి ఊరుకున్నాను. తను చెప్పినదాని పక్కన పుస్తకంలోని పెద్ద మాట పెట్టాలనిపించలేదు.

అతను ఆ బొమ్మను ఇంకెవరికైనా పంపాడో లేదో మాకు తెలియలేదు. ఆ తర్వాత టీకి పోయేటప్పుడు మాత్రం తననూ పిలిచేవాడు. కొన్నిసార్లు పోయేది, కొన్నిసార్లు పనుందని చెప్పేది.