పక్కతెర వెనకాల గొంతు

ఈ మధ్య ఒక ఉదయం ఆదోని నుంచి ఫోను వచ్చింది. మా నాటకాల మామ నిద్రలోనే వెళ్లిపోయారట. ఆయన్ను మీరు ఏ నాటకంలోనూ చూసి ఉండరు. పక్కతెర వెనకాల పీట వేసుకుని, నటులకు మాట అందించే ప్రాంప్టరు ఆయన. పగలు పత్తి గోదాములో తూకం వేసేవారు. చిన్న వేషాలు వేసే నాతో సహా బృందంలో అందరికీ ఆయన మామే.

"మాట మరిసిపోవడం తప్పు గాదప్పా, మరిసిపోయినానని మొగం సెప్పడం తప్పు" అనేవారు. ఆ ధైర్యంతోనే మేమంతా ఇష్టమొచ్చినట్టు మరిచిపోయేవాళ్లం.

రెండేళ్ల కిందట ఎమ్మిగనూరులో వేసిన నాటకాన్ని వీడియో తీసే పని నెత్తిన వేసుకున్నాను. ఉన్నవి రెండు ఫోన్లు, ఒక కాలరు మైకు. మైకును కథానాయకుడి చొక్కాకు పెట్టి, మిగతావాళ్ల మాటల కోసం ఒక ఫోనును పక్కతెర కొయ్యకు కట్టాను. ఇంటికొచ్చి వింటే ఏముంది! ప్రతి మాటకూ ముందు మామ గుసగుస. నాటకమంతా రెండేసిసార్లు నడుస్తోంది.

"నీ గొంతుతో అంతా పాడైంది మామా" అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఫోనును ఆయన పక్కనే కట్టింది నేనే కదా! ఆయన ఆ మాట అనలేదు.

"మా గోదాముకు రాండప్పా. పత్తి సద్దును తాగేస్తాది. ఆడ మళ్లా సెప్పించుకో" అన్నారు.

పత్తి బేళ్ల మధ్య సందులో కూర్చున్నాం. పై కిటికీ ఎండలో దూది పోగులు తేలుతున్నాయి. మాట నోరు దాటగానే మెత్తగా ఆగిపోతోంది. ల్యాప్‌టాప్‌లో తమ బొమ్మ చూసుకుంటూ నటులు మాటలు మళ్లీ చెప్పాలి. ఒక్కరికీ కుదరలేదు. అప్పుడు మామ ల్యాప్‌టాప్ పక్కకు జరిగి, గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపారు. ఎవరు ఎక్కడ ఊపిరి తీస్తారో ఆయనకు తెలుసు. అందరూ బొమ్మను వదిలేసి ఆ పెదవులనే చూశారు. మాటలు అతికినట్టు కుదిరాయి. ఆ మధ్యాహ్నమంతా కలలో గడిచినట్టు ఇప్పటికీ అనిపిస్తుంది.

"ఇంగ నా గొంతు యాడా లేదు కదప్పా?" అని అడిగారు.

"ఎక్కడా లేదు మామా" అన్నాను గొప్పగా. ఆయనంటే నాకెంత ఇష్టమో ఆ పూటైనా చెప్పాల్సింది.

మామ పోయిన పదకొండో రోజున వాళ్లింటికి వెళితే ఆయన కూతురు నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, మా నాయన గొంతు ఒక్క తూరి వినాలని ఉండాది. నీ వీడియోలో యాడన్నా ఉందా?"

లేకుండా చేసిందే నేను. చూస్తానమ్మా అని వచ్చేశాను.

అద్దం పగిలిందని బీరువాలో పడేసిన పాత ఫోను తీశాను. ఛార్జింగు పెట్టి, అది వెలిగేదాకా తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. పాడైందని నేను తిట్టుకున్న రికార్డింగు అందులోనే ఉంది. చెరపాలనుకుని బద్ధకించాను. ఆ బద్ధకానికి దండం పెట్టుకున్నాను.

మర్నాడు వాళ్ల వసారాలో కూర్చుని ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. తర్వాత కళ్లు మూసుకుని, మెల్లగా పెదవులు కదిపింది. ఆయన మాట అందిస్తున్నారు, ఆమె అందుకుంటోంది. నాకేమీ వినబడలేదు. ఆ పెదవులనే చూస్తూ కూర్చున్నాను.