దేవుడి మూల

ఈశ్వరి మనుషుల మాట నమ్మే రకం కాదు. గోడ చెప్పాలి. మా తాగునీటి పథకం కంట్రోల్ రూములో పద్దెనిమిదేళ్లుగా ఆమె కుర్చీ, నా కుర్చీ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. బయట వాన పడుతోందని ఎవరైనా చెప్పినా, ముందు తెరల గోడ మీద చెరువు మట్టం చూసుకున్నాకే గొడుగు తీసేది. మా అనంతపురంలో గొడుగు తీసే అవసరం ఎన్నిసార్లు వస్తుంది, అది వేరే సంగతి.

గోడ అంటే మూడు వరుసల్లో పన్నెండు తెరలు. ఊరూరి ట్యాంకులు, పంపులు, వాల్వులు వాటి మీద కనిపించేవి. పచ్చగా ఉంటే నీళ్లు పోతున్నట్టు, ఎర్రగా ఉంటే ఆగినట్టు. ఒక్కో తెర వెనక ఒక్కో దీపం. అవన్నీ ఏటేటా మసకబారుతూ వచ్చాయి. రెండేళ్ల కిందటి దసరాకు ముందు కింది వరుసలో కుడి చివరి తెర పూర్తిగా ఆరిపోయింది. అలాంటి దీపాలు తయారు చేయడమే మానేశారని కంపెనీ నుంచి జవాబొచ్చింది.

అదే వారం ఆయుధపూజ, అదే వారం పెద్దసారు తనిఖీ. గోడకు నల్లటి మూల ఉంటే ఏం బాగుంటుందని ఈశ్వరి తన ఇంట్లోని కసాపురం ఆంజనేయస్వామి పటం తెచ్చింది. కొలిచినట్టు సరిపోయింది. పసుపు, కుంకుమ, నిమ్మకాయ. పెద్దసారు వచ్చి గోడ గురించి ఒక్క ముక్క అడగలేదు. చెప్పులు విడిచి దండం పెట్టి పోయాడు. ఆ రోజు నుంచి అది దేవుడి మూల. రోజూ పూలు పెట్టేవాళ్లం. ఆ పటం వెనక ఏ ఊళ్లు ఉండేవో ఎవరికీ గుర్తు లేదు. బల్ల మీది కంప్యూటర్లో వెతికితే కనిపించేవే. అంత పెద్ద గోడ ఎదురుగా ఉండగా ఎవరు వెతుకుతారు.

పూజైన నాలుగో రోజు హెచ్చరిక బజరు ఒకటి ఆగకుండా మోగింది. గోడంతా చూశాం, అంతా పచ్చగానే ఉంది.

"దీనికి పిచ్చి పట్టినట్టుండాది రామదాసన్నా" అంది ఈశ్వరి. నేను దాని వైరు పీకేశాను. ఇందులో నా చేయి ఎంత ఉందో దాచుకోవడం ఇష్టం లేక చెబుతున్నాను.

ఈశ్వరి అక్క బయమ్మను యాడికి మండలం అవతల ఊటగుండ్లపల్లికి ఇచ్చారు. ఊట పేరులోనే ఉంది, ఊళ్లో లేదు. మా పథకం నీళ్లే ఆ ఊరికి దిక్కు. కొంతకాలానికి బయమ్మ ఫోన్లు మొదలయ్యాయి.

"నీళ్లు రాలేదు ఈశ్వరీ. తోట బోరు కాణ్నుంచి మోసుకుంటాండాము."

ఈశ్వరి గోడ చూసేది. ఆ దారి పంపు పచ్చగా తిరుగుతుండేది. "పంపు నడుస్తాండాది అక్కా. మేము వదల్తానే ఉండాము. మీ ఊరోళ్లే యాడో పైపు కోసి చీనీ తోటలకు పెట్టుకుంటాండారు."

ఊరివాళ్ల అర్జీలు కూడా నిజమో కాదో తేల్చమని చివరకు మా బల్ల మీదికే వచ్చేవి. ఈశ్వరి గుండ్రటి చేతిరాతతో ప్రతిదాని కిందా రాసేది: 'పంపు నడుస్తున్నది. సరఫరా ఉన్నది.' మొత్తం పదకొండు అర్జీలు, పదకొండు సంతకాలు.

పోయిన వేసవిలో బంధువుల పెళ్లికి నేనూ వెళ్లాను. భోజనాల దగ్గర బయమ్మ మళ్లీ నీళ్ల మాట ఎత్తింది. "మా అక్కకు అబద్ధాలు అలవాటైపోయినాయి" అంది ఈశ్వరి, పంక్తి అంతా వినేలా. బయమ్మ కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలి లేచిపోయింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఇద్దరికీ మాటల్లేవు. ఈశ్వరికి బాధ లేదని కాదు. గోడ తన పక్షాన ఉందన్న ధీమా ఆ బాధను పైకి రానీయలేదు.

మొన్న కొత్త గోడ వచ్చింది. బిగించడానికి బెంగళూరు నుంచి శశికుమార్ అనే ఇంజనీరు వచ్చాడు. "ఇది ఎల్ఈడీ మేడమ్. దీపాలు మార్చే పని లేదు. రాత్రీ పగలూ వెలిగినా పదకొండేళ్లు వస్తుంది" అన్నాడు. పాత తెరలు విప్పాలంటే ముందు పటం తీయాలి. ఎవరికీ చేతులు రాలేదు. చివరకు ఈశ్వరే లెంపలేసుకుని, స్వామికి చెప్పుకుని, తీసి బీరువా మీద పెట్టింది.

మధ్యాహ్నం మూడింటికి గోడ వెలిగింది. ఎక్కడా అతుకు లేదు, మసక లేదు. చప్పట్లు కొట్టాం. కొడుతూ కొడుతూ ఆగిపోయాం. కుడివైపు కింది మూలలో ఒక గడి ఎర్రగా ఆరుతూ వెలుగుతోంది. ఊటగుండ్లపల్లి. ట్యాంకు మట్టం సున్నా. వాల్వు మూసి ఉంది.

"నీ తెరలో ఆ మూల పలక చెడిపోయినట్టుండాది, మార్చు నాయనా" అంది ఈశ్వరి. గొంతు మామూలుగానే ఉంది.

శశికుమార్ పలక మార్చాడు. అదే ఎరుపు. కంప్యూటర్లో పాత రికార్డు తెరిచి వాల్వు ఎప్పుడు మూసుకుపోయిందో తేదీ చదివాడు. రెండేళ్ల కిందట, పూజైన నాలుగో రోజు. ఆ బజరు అరిచింది దీనికోసమే. పంపు తిరిగిన మాట నిజం, నీళ్లు మిగతా ఊళ్లకు పోయిన మాటా నిజం. ఈ ఒక్క ఊరి వాల్వు బిగుసుకుపోతే రెండు వేసవులు మేము దానిమీద పూలు పెట్టాం.

ఈశ్వరి వాల్వు విప్పే మనుషుల్ని జీపులో పంపించింది. అర్జీల ఫైలు ఒళ్లో పెట్టుకుని పదకొండింటిలోనూ తన రాత కొట్టేసి, 'సరఫరా లేదు' అని రాసి మళ్లీ సంతకాలు పెట్టింది. ఆ తర్వాత ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది.

"అక్కను అందరి ముందర అంటి గదన్నా. ఇదీ అందరి ముందరే కావాల" అంది నాతో.

రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి బయమ్మ ఎత్తింది.

"అక్కా, మీ ఊరికి నీళ్లు రాలేదు. రెండేండ్ల నుంచి రాలేదు."

అవతల బిందె కింద పెట్టిన చప్పుడైంది.

"మాకు తెలుసు గదమ్మా" అంది బయమ్మ.