ఓడలో అల్లం వాసన

ఈ సంగతిలో నా తెలివితక్కువతనం ఎంత ఉందో ముందుగా నేనే చెప్పేస్తాను. మా బామ్మర్ది చెబితే దానికి కాళ్లూ చేతులూ కూడా వస్తాయి. ఓడ ప్రయాణం కోసం నా భార్య సర్దిన సంచిలోంచి టీ పొడి డబ్బా, అల్లం, పాలపొడి, నీళ్లు కాచుకునే కరెంటు కాయిల్ బయటికి తీసి, భద్రాచలంలో మా ఇంటి అటక మీద పెట్టి, ఇంటికి తాళం వేసినవాణ్ని నేనే.

ఖమ్మంలో టికెట్లు అమ్మినాయన ఇచ్చిన రంగుల కాగితంలో ఇరవైనాలుగు గంటలూ టీ ఉచితం అని రాసి ఉంది. నేను గిరిజన సంక్షేమం ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ని. చర్ల వైపు హాస్టళ్లకు చెప్పకుండా వెళ్లి గిన్నెల మూతలు తీసి చూడటమే నా ఉద్యోగంలో సగం. అన్నేళ్లూ గోడ మీద రాసిన మెనూని ఒక్కనాడూ నమ్మలేదు. అలాంటివాణ్ని, కాగితం మీద రాసిన చాయ్‌ని నమ్మాను.

"ఆడ చాయ్ మంచిగ లేకపోతేనో?" అని అడిగింది నా భార్య.

"అది ఓడ. డబ్బాలు మోసుకపోతే నవ్వుతరు మనల్ని," అన్నాను.

ఆమె వాదించలేదు. మా కాపురంలో ఆమె వాదించకుండా ఊరుకున్నప్పుడల్లా నాకు ఏదో ఒకటి జరిగింది. అనుమానపడటం అప్పుడే మొదలుపెట్టాల్సింది. కాయిల్ ఎలాగూ రేవులోనే తీసేసుకునేవారని తర్వాత తెలిసింది. టీ పొడికి, అల్లానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పేవారు కాదట.

అసలు ఈ ప్రయాణం కోరిక ఆమెదే. గోదావరి ఒడ్డున ఉన్నన్నాళ్లూ మాకు నీళ్లంటే ఇంట్లోకి వచ్చేవే. వరద ఎక్కుతుందనగానే బియ్యం బస్తా మంచం మీదికి, మంచం బల్లల మీదికి ఎక్కేవి. ఇంట్లోకి రాని నీళ్లు ఒకసారి చూడాలని ఉంది అనేది. అయితే పొద్దున్నే చిక్కటి చాయ్ పడకపోతే మధ్యాహ్నానికల్లా ఆమెకు సగం తల పగిలిపోతుంది. సముద్రాన్ని తీసుకెళ్లి చూపించడం ఒక్కటే నా పని కాదన్నమాట. తలనొప్పి లేని కళ్లకు చూపించాలి.

ఖమ్మంలో రైలెక్కితే మధిరలో మా బామ్మర్ది ఎక్కాడు. నా భార్యకు తమ్ముడు. పత్తి వ్యాపారం. బేలు ఎత్తకుండానే బరువు చెబుతాడు. అక్క సంచిని పై బెర్తు మీదికి ఎత్తుతూ, "ఏంటి బావా, అక్క సంచి ఇంత తేలిగ్గా ఉంది?" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు చూసుకోవడం అద్దంలో కనపడింది.

చెన్నైలో ఓడ ఎక్కాం. మరుసటి పొద్దున భోజనశాలలో చాయ్ దగ్గరికి నేనే ముందు నడిచాను. తేనీరు అని అడిగితే 'తే, నీరు' అని వినపడిందేమో, ఇచ్చింది గోరువెచ్చని నీళ్లు. అందులో దారానికి వేలాడే ఒక చిన్న పొట్లం. దారమైతే ఉంది గాని, అది చాయ్ అనడానికి ఆధారం లేదు. పాలు బొటనవేలంత డబ్బీలో ఉన్నాయి. మూత చీల్చి వంచితే నాలుగు చుక్కలు రాలాయి. ఆ తర్వాత ఏం చేయాలో నాకు పాలుపోలేదు.

నా భార్య ఒక్క గుటక తాగి కప్పు కింద పెట్టింది. "బాగుంది," అంది.

మధ్యాహ్నానికి క్యాబిన్‌లో తెర వేసుకుని, నుదుటికి తడిగుడ్డ చుట్టుకుని పడుకుంది. తెర అవతల ఆమె కోరుకున్న నీళ్లన్నీ ఉన్నాయి. తెర తీయబోతే, వద్దు, వెలుతురు గుచ్చుకుంటోంది అంది. నేను చాయ్ వేటకు బయల్దేరాను. ఉన్న డెక్కులన్నీ ఎక్కాను గాని ఎక్కడా దక్కలేదు. పాలు మరిగించి, అందులో పొడి వేసి, ఇంకా మరిగించాలని, పానీయాలు పోసే ఒకాయనకు చేతులతో అభినయించి చూపించాను. ఆయన ఎంతో మర్యాదగా విని, నిమ్మకాయ బద్ద ఇచ్చాడు. ఓడ ఎక్కినవాడు ఓడిపోవడం ఇంత తొందరగా జరుగుతుందని అనుకోలేదు.

రెండో పొద్దున నేను లేచేసరికి పక్కన ఆమె లేదు. కాసేపటికి వచ్చింది. ముఖం తేటగా ఉంది. పైన గాలికి నడిచి వచ్చానంది. భోజనశాలలో ఇడ్లీ తిన్నది, చాయ్ వైపు తిరిగి కూడా చూడలేదు. మధ్యాహ్నమైంది, తల నొప్పి రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. సమ్మెటతో కొట్టినా తట్టుకుంటాను గాని, ఆ శాంతం నాకు భరించరానిదైపోయింది. ఆమె పక్క నుంచి వెళ్తుంటే కొంగు దగ్గర అల్లం వాసన వచ్చింది.

నా ముక్కు మీద నాకు నమ్మకం ఉంది. సాంబారులో పప్పు ఎంత పడిందో హాస్టల్ గేటు దగ్గరే చెప్పిన ముక్కు అది.

"అల్లం వాసన వస్తుంది," అన్నాను.

"సముద్రం గాలి," అంది.

అక్కడే ఉన్న బామ్మర్ది పళ్లు కుట్టుకుంటూ, "గాలి పడింది బావా అక్కకి," అన్నాడు. అతను కూడా ఆ పొద్దున టీ ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంటి దగ్గర గ్లాసు పొగలు కక్కుతుంటే తప్ప పెదవికి ఆనించని మనిషి. అలాంటివాడు చాయ్ లేకుండా నవ్వుతున్నాడంటే, ఆ నవ్వు ఎక్కడో కాచి వడపోసిందే అయి ఉండాలి.

ఇంకో కాయిల్ దాచి తెచ్చాడని తేల్చుకున్నాను. గోళ్ల కత్తెర అడిగే మిషతో అతని క్యాబిన్‌కు వెళ్లాను. అతను కత్తెర వెతుకుతుంటే నేను ప్లగ్గు చుట్టూ గోడ తడిమాను, గ్లాసు వాసన చూశాను, దిండు కూడా కొంచెం ఎత్తాను. అతను వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"బాత్‌రూమ్ కూడా చూసుకో బావా. రిజిస్టర్‌లో సంతకం ఎక్కడ పెట్టాలో చెబుతావా?"

కత్తెరతో బయటికొచ్చాను. గోళ్లు అంతకు ముందు రోజే తీసుకున్నాను.

ఆ సాయంత్రమంతా అందరి మీదా అనుమానమే. క్యాబిన్ ఊడ్చే మనిషి నా భార్యను చూసి తలూపితే, ఇతనే అనుకున్నాను. ఎదురు క్యాబిన్ ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని వెళ్తుంటే మలుపు దాకా వెంట నడిచాను. అందులో మనవడికి వేడినీళ్లు. ఆవిడ భర్త నన్ను చూసిన చూపును బట్టి, అనుమానం నా ఒక్కడి సొత్తు కాదని తెలిసింది.

మర్నాడు తెల్లవారకముందే మెలకువ తెచ్చుకుని దొంగనిద్ర పోయాను. ఇందులో ఒక చిక్కు ఉంది. నేను గురక పెడతానని ఆమె అంటుంది గాని, నా గురక నేనెప్పుడూ వినలేదు. ఎలా పెడతానో తెలియకుండా నన్ను నేనే అనుకరించాల్సి వచ్చింది. కొంచెం తక్కువ చేసే పెట్టాననుకుంటాను. ఆమె తలుపు దగ్గర ఒక నిమిషం ఆగి, మెల్లగా బయటికి వెళ్లింది. చెప్పులు చేత్తో పట్టుకుని వెంట పడ్డాను.

ఆమె పైకి వెళ్లలేదు. కిందికి దిగింది. మెట్ల మలుపులో బామ్మర్ది కలిశాడు. ఇద్దరూ సాయంత్రాలు జనం పేకాట ఆడుకునే గదిలోకి వెళ్లారు. తలుపు సందులోంచి ముందు అల్లం వాసన, ఆ వెనకే యాలకుల వాసన, వాటి వెనక మెల్లగా తెలుగు పాట వచ్చాయి. ప్రార్థన కూటం.

పేకాట బల్లల చుట్టూ మా వైపు మనుషులే పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. నడిపిస్తున్నది ఖమ్మంలో నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ. అందరూ సిస్టరమ్మ అంటారు. మధ్య బల్ల మీద, తువ్వాలు కప్పిన పెద్ద స్టీలు ఫ్లాస్కు. దాని పక్కన తెల్ల బట్టల్లో ఒకతను. ఓడ వంటింట్లో పనిచేసే కాకినాడ వైపు మనిషి. పనివాళ్ల కోసం వాళ్లు వేరుగా కాచుకునే చాయ్‌లోంచి, కూటానికని రోజూ కొంత తెస్తున్నాడు.

"రండి బ్రదర్," అంది సిస్టరమ్మ.

మాది కూడా విశ్వాసుల కుటుంబమే. నాకు మాత్రం మా ఇంట్లో కూటం జరిగినా, చాయ్ గ్లాసుల చప్పుడు వినపడ్డాకే లోపలికి రావడం అలవాటు. పాట రాగం బట్టి ఇంకెంతసేపుందో వరండాలోంచే చెప్పగలను. ఇక్కడ వరండా లేదు. కూర్చున్నాను. అందరూ కళ్లు మూసుకున్నారు. ఫ్లాస్కు అక్కడే ఉందో లేదో చూద్దామని నేను ఒక కన్ను తెరిచాను. నా భార్య అప్పటికే రెండు కళ్లూ తెరిచి నన్నే చూస్తోంది.

సిస్టరమ్మ ప్రార్థన పొడుగైనది. లోకంలో దవాఖానాలన్నీ ఒక్కొక్కటే తిరిగి, రోగులందరినీ పలకరించి, ఓడలోకి వచ్చేసరికి నాకు చెమట పట్టింది. ఆమెన్ తర్వాత గాని ఎవరూ ఫ్లాస్కు మీద చెయ్యి వెయ్యరు. అది కూటం పద్ధతి. ఎంత దాహమున్నా ఆ పద్ధతి తప్పదు.

చివరికి కప్పు నా చేతికొచ్చింది. పాలలో మరిగి మరిగి ఇటుక రంగుకు తిరిగిన చాయ్. అల్లం గొంతులో దిగుతూ దారి చెప్పింది. తాగుతున్నంతసేపూ ఎవరి మీదా అనుమానం కలగలేదు. కప్పు అడుగు కనపడగానే మళ్లీ మొదలైంది.

"నాకెందుకు చెప్పలే?" అని భార్యను అడిగాను.

"మీకు చెప్తే మాపటికల్లా ఓడంత తెలుస్తది. పాపం, తెచ్చేటాయన ఉద్యోగం పోతది," అంది. "అయినా ఆమెన్‌కు ముందు మీరు ఏ కూటానికి వచ్చిన్రని చెప్పాలె?" అని కూడా అంది.

రెండు మాటలూ ఓర్చుకున్నాను. కానీ పైకి వెళ్తూ మెట్ల మీద ఇంకో మాట బయటపడింది. ఈ కూటం సంగతి మొదట కనిపెట్టింది బామ్మర్దేనట. అక్కకు చెప్పాడట. బావకు కూడా చెబుదామా అని ఆమె అడిగితే, "ఆయన చాయ్ అటక మీద పెట్టొచ్చాడుగా అక్కా, ఇంటికెళ్లి తాగమను," అన్నాడట. ఆ మాట చెబుతూ ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వుతోనే నా చెయ్యి పట్టుకుని డెక్కు అంచు దాకా తీసుకెళ్లింది. తెల్లవారుతోంది. ఏ గుమ్మానికీ తగలకుండా నీళ్లు అటు చివరి దాకా ఉన్నాయి. ఆమె చాలాసేపు చూసింది. మధ్యలో ఒక్కసారి కూడా నుదుటి మీద చెయ్యి పెట్టుకోలేదు.

అది చూశాక మనసు కుదుటపడింది. కుదుటపడ్డ మనసుకు పగ సంగతి చూసుకునే తీరిక దొరికింది.

చివరి పొద్దున కూటానికి అందరికన్నా ముందు వెళ్లాను. సిస్టరమ్మ ఒక్కతే పాటల పుస్తకం తిప్పుకుంటోంది. వినయంగా పక్కన నిలబడి, మా బామ్మర్ది మనసులో ఏదో దాచుకున్నాడమ్మా, సొంత బావకు కూడా చెప్పుకోలేకపోయాడు, తనంతట తాను అడిగే మనిషి కాదు, ఇవాళ ప్రత్యేకంగా ఒక ప్రార్థన చేస్తే బాగుంటుందేమో అన్నాను. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆమె కళ్లు చెమర్చాయి. "మంచి పని చేసిన్రు బ్రదర్," అంది.

పాటలయ్యాయి. ఆమెన్ అయింది. ఓడ ఆ పూటే రేవు చేరుతుంది కాబట్టి ఫ్లాస్కు జల్దీ వెనక్కి ఇవ్వాలని, వంటింటి మనిషి ఉన్నదంతా కప్పుల్లోకి వంచేశాడు. పొగలు కక్కుతున్న కప్పు మీదికి బామ్మర్ది చెయ్యి వెళ్లింది. సరిగ్గా అప్పుడే సిస్టరమ్మ చెయ్యి అతని తల మీద పడింది.

"మోకాళ్ల మీదికి రా నాయనా," అంది.

అతను ఆమెను చూశాడు, కప్పును చూశాడు, ఆఖరికి నన్ను చూశాడు. నేను భక్తిగా తల వంచుకున్నాను. అక్కడున్న అందరికన్నా చిన్నవాడు, పైగా తల మీద చెయ్యి ఉంది. మోకరించి కళ్లు మూసుకోక తప్పలేదు. సిస్టరమ్మ అతని పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

మిగతావాళ్లు చప్పుడు కాకుండా చాయ్ తాగుతున్నారు. మా కప్పులూ అయిపోయాయి. బామ్మర్ది కప్పు మాత్రం బల్ల మీద ఒంటరిగా పొగలు వదులుతోంది. నా భార్య తమ్ముడి వైపు చూసింది, నా వైపు చూసింది. చల్లారిపోతే పాపం కదండీ అని గుసగుసగా అని, ఆ కప్పు తీసి సగం తన కప్పులోకి, సగం నా కప్పులోకి వంచింది.

సిస్టరమ్మ అప్పటికి పత్తి ధర దాకా వచ్చింది. మధ్యలో ఒక గుటక నేను కావాలనే గట్టిగా జుర్రాను. బామ్మర్ది కళ్లు తెరవలేదు గాని, ముక్కు మాత్రం మా వైపు తిరిగింది.