చాకు అడగని పిల్ల

సెలవులకి వెళ్లబోయే వియత్నాంలో మా పిల్లకి గంటగంటకీ ఏం చూపించాలో లిస్టు రాసుకుంటూ, నూజివీడు బస్సులో పక్కసీటావిడకి గొప్పగా చెప్పాను. తోటలో కాయలు కోసి వస్తున్న ఆవిడ, ఒళ్లోని బుట్టలోంచి మా అమ్మాయికి ఒక రసం మామిడిపండు ఇచ్చింది. పిల్ల చాకు అడిగింది.

"రసాన్ని కోస్తారటమ్మా? మెత్తగా పిసికి, తొడిమ తీసి జుర్రుకోవాలి," అని చూపించి, నాతో అంది: "అక్కడా అంతేనండీ. ఎలా తినాలో వాళ్లనే అడగమనండి."

వియత్నాం సంతలో పళ్లమ్మే అవ్వ మందపాటి ఊదారంగు తొక్క ఉన్న మంగుస్తాన్ పండు ఇవ్వగానే, మా అమ్మాయి దాన్ని తిరిగి ఆమె చేతిలోనే పెట్టి ఎలా అని సైగ చేసింది. అవ్వ నవ్వి, స్టూలు మీద కూర్చోబెట్టి, అరచేతుల మధ్య నొక్కడం నేర్పింది. మూడో పండు టప్పున విచ్చుకుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

నా లిస్టు ఆ రోజంతా సంచిలోనే ఉంది.