అమెరికా అధ్యక్షుడి మీద జూలూరుపాడు తీర్పు

వెంకటరామారావు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి జూలూరుపాడులో చెలక కొన్నది పత్తి కోసమే కావచ్చు. మాకు మాత్రం ఆయన రైతుగా కన్నా ప్రపంచ రాజకీయాల మనిషిగానే ఎక్కువ తెలుసు. పద్మావతమ్మ టీ హోటల్లో గోడవారగా ఉన్న బల్ల ఆయనది. పొద్దున బస్సులోంచి పేపరు దిగితే ముందు ఆయన చేతికే వెళ్లాలి. ఆయన చదివి, కళ్లజోడు తుడుచుకుని, ఫలానా దేశం చేసింది తప్పు అని తేల్చేదాకా మేం నోరు విప్పేవాళ్లం కాదు. విప్పినా ఆయన సాగనిచ్చేవాడు కాదనుకోండి.

ఆయనకు డబ్బు మీద పెద్ద యావ లేదు, తిండి మీద అసలే లేదు. ‘రావుగారేమంటాడు?’ అని ఎవరైనా అడగాలి, అంతే. ఆ ఒక్క మాట కోసం జోరు వానలో గొడుగేసుకుని వచ్చేవాడు.

అలాంటి బల్ల మీదికి లాల్‌సింగ్ వచ్చి కూర్చున్నాడు. పక్క తండాకు పెద్దమనిషి. తండాలో తగువులొస్తే తీర్పు చెప్పేది ఆయనే. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర లోడు చేయించే పని మీద వచ్చి, టీ తాగుతూ పేపరు సంగతులు వినేవాడు. చదువు రాదు. రావుగారు అరగంట మాట్లాడితే చివర్న ఒక్క ముక్క అనేవాడు. ఖర్మ కాలి, ఆ ఒక్క ముక్కే అందరికీ గుర్తుండేది. కొన్నాళ్లకు జనం రావుగారి ఉపన్యాసం మధ్యలోనే అటు తిరిగి, “నువ్వేమంటవ్ లాల్‌సింగన్నా?” అనడం మొదలుపెట్టారు.

రావుగారు కుళ్లిపోయాడు. ఇంకో మాట నేను వాడను, అది కుళ్లే. పేపరు చదివేసి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయిన రోజులున్నాయి. లాల్‌సింగ్ ఎదురుగా వస్తే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేవాడు.

రెండువేల మూడులో అమెరికా ఇరాక్ మీద యుద్ధానికి దిగినప్పుడు ఆ అధ్యక్షుణ్ణి మా హోటల్లో అందరికన్నా ఎక్కువ తిట్టింది రావుగారే. జూన్‌లో పెద్ద దేశాల శిఖరాగ్ర సభ వచ్చింది. యుద్ధం వద్దని అడ్డం తిరిగిన ఫ్రాన్స్‌లోనే సభ. అధ్యక్షుడు వెళ్లాడు, చేతులు కలిపాడు, వేరే దేశంలో ఇంకో సమావేశం ఉందని సభ ముగియకముందే వెళ్లిపోయాడు. ఈ వార్త రావుగారు చదవగానే, ఆయన కళ్లజోడు తీసేలోపు, లాల్‌సింగ్ అనేశాడు.

“గట్ల లేసి పోవుడేంది? మా తండాల పంచాయితీ నడుస్తుంటె నడుమల లేసినోడు తన మాట తనే ఇడిసిపెట్టినట్టు. ఇగ వానికి తీర్పు చెప్పం. ఎంత పెద్దోడైతేంది?”

“అవ్, నిజమే గద!” అన్నారు అందరూ.

రావుగారి మొహం నల్లబడింది. మూడు నెలలుగా తిడుతున్న మనిషి ఆ క్షణం నుంచి అధ్యక్షుడికి వకీలైపోయాడు. “అది తండా కాదు లాల్‌సింగ్, అంతర్జాతీయ సభ. అగ్రరాజ్యానికి సవాలక్ష పనులుంటాయి. లేచి వెళ్లగలగడమే బలం. అసలు ఆయన విదేశాంగ విధానం...”

“కూసునేది మనుషులే గద రావుగారూ,” అన్నాడు లాల్‌సింగ్, గ్లాసు కింద పెడుతూ.

ఆ రోజు అన్నం దగ్గర కూడా ఆయన అమెరికాను వెనకేసుకొచ్చాడట. “ఆయనెవరో లేచిపోతే మీకెందుకండీ ఒళ్లు మంట?” అని వాళ్లావిడ సుబ్బరత్నం గారు అడిగితే, కంచం తోసేసి, “అమెరికాతో నాకేం పనే! ఆ లాల్‌సింగ్ ఎవరు చెప్పడానికి?” అన్నాడట. ఇది ఆవిడే మాకు చెప్పింది.

సరిగ్గా అదే వారం ఆయనకు లాల్‌సింగ్‌తోనే పని పడింది. రావుగారి చెలకకు బండి బాట తండా అంచునుంచి వెళ్తుంది. ఆ బాట తన పట్టాలోదని తండాకు చెందిన లాలు అడ్డంగా ముళ్లకంచె వేశాడు. స్టేషన్‌కు వెళ్లి కేసు పెడితే అది తేలేలోగా విత్తనాల అదను పోతుంది. గత్యంతరం లేక రావుగారు తండా పంచాయితీకి ఒప్పుకున్నాడు. తోడుగా నేనూ వెళ్లాను.

లాల్‌సింగ్ ఇంటి ముందు అందరం కూర్చున్నాం. లాలు తన మాట చెప్పుకున్నాడు, రావుగారు తన మాట చెప్పుకున్నాడు. పక్క చేను బొజ్జయ్య సాక్ష్యం చెప్పాడు: “నాకు తెలిసినకాడికెల్లి రావుగారి బండ్లు గీ బాటెంబడే పోతయి.” ఇక లాల్‌సింగ్ బీడీ ముట్టించాడు. అది అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, అయ్యాక ఆయన తీర్పు చెప్తాడు. అది వాళ్ల పద్ధతి.

ఆ కాస్త సేపట్లో వెనక కూర్చున్న ఎవడో ఊరుకోలేక, “మా నాయకుడు అమెరికాకు కూడ తీర్పు చెప్పిండు, గీ బాటెంత!” అన్నాడు. నవ్వులే నవ్వులు. లాల్‌సింగ్ కూడా బీడీ నోట్లో పెట్టుకునే నవ్వాడు.

రావుగారు చటుక్కున లేచాడు. తువ్వాలు దులిపాడు. “నాకు అవతల సవాలక్ష పనులున్నాయి. మీరూ మీరూ తేల్చుకోండి.”

నేను చెయ్యి పట్టుకుని లాగాను. విదిలించుకున్నాడు. “రావుగారూ, కూసో, ఒక్క మాటున్నది,” అని లాల్‌సింగ్ పిలిచాడు. వెనక్కి తిరగలేదు. ఆయన మలుపు తిరిగాక లాల్‌సింగ్ బీడీ నేలకు నలిపి లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆ మాట ఏమిటో ఎవరికీ చెప్పలేదు. కంచె అలాగే ఉండిపోయింది.

అప్పటినుంచి రావుగారి బండ్లు వాగు చుట్టూ తిరిగి వెళ్లేవి. ఒక ఏడాది తీసిన పత్తి వాగు ఒడ్డునే తడిసి ముద్దయింది. ఒక్కసారి వెళ్లి, “ఆ రోజు ఏం చెప్పబోయావు?” అని అడిగితే సరిపోయేది. అడిగితే లాల్‌సింగ్ తీర్పు తనకు కావాలని ఒప్పుకున్నట్టు. తడిసిన పత్తిని ఎండేసుకున్నాడు గానీ అడగలేదు.

హోటల్లో మాత్రం ఒక కొత్త పట్టుదల వచ్చింది. లాల్‌సింగ్ కన్నా ముందు బల్ల మీంచి లేచేవాడు కాదు. లాల్‌సింగూ తక్కువవాడేం కాదు, ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చునేవాడు. “ఇద్దరు ఒక్కపారే లేవరాదుండ్రి, బల్ల కడుక్కోవాలె,” అని పద్మావతమ్మ మొత్తుకునేది.

ఐదేళ్ల తర్వాత ఒక శ్రావణంలో రావుగారికి గుండె నొప్పి వచ్చింది. ఖమ్మం దవాఖానా నుంచి శవాన్నే తెచ్చాం. తన చెలకలోనే దహనం చెయ్యమని ఎప్పుడో చెప్పి పెట్టాడట. చుట్టుదారిన వెళ్దామంటే వాగు నిండుగా పారుతోంది. పాడె మోసుకుని తండా అంచుదాకా వచ్చి, ఎటు వెళ్లాలో తెలియక నిలబడ్డాం.

అక్కడ లాలు గొడ్డలి పట్టుకుని కంచె నరుకుతున్నాడు. పక్కనే లాల్‌సింగ్ ముళ్లకంప లాగి అవతల పడేస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగి, చేతులు దులుపుకుని పాడె దగ్గరికి వచ్చాడు.

“బాట నీదే రావుగారూ,” అన్నాడు. “ఆ పొద్దు బీడీ అయిపోయేదాక కూసుంటె గిదే చెప్పేటోన్ని.”

లాల్‌సింగ్ పాడెకు భుజం పెట్టాడు. ఆ బాటలోనే రావుగారిని ఆయన చెలకకు తీసుకుపోయాం.