ఖాళీ తుపాకికీ అదే రూలు

మా ఊళ్ళో నెడ్రా హాల్వర్సన్ పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆమె గొంతు. సగం జీవితం కౌంటీ తరఫున కొండదారుల్లో మంచు తోసే లారీ నడిపింది. ఇంజను మోత మీద అరిచి అరిచి గొంతు అలా తయారైందని తనే చెప్పేది. ఆ ఉద్యోగం మానేశాక, ఊరికి ఎగువన లోయలో ఉన్న తుపాకి గురి సాధన చేసే రేంజ్‌లో శని, ఆదివారాలు భద్రత చూసే పని ఒప్పుకుంది. జీతం లేదు. ఊరికే కాల్చుకోవచ్చు, కమిటీ కొనిపెట్టిన కాఫీ తాగొచ్చు, అంతే.

ఆ రేంజ్ గొప్పదేమీ కాదు. రేకుల కప్పు కింద వరసగా చెక్కబల్లలు, ఎదురుగా నూరు గజాల అవతల గురికాగితాలు తగిలించే చట్రాలు, వాటి వెనక తూటాల్ని ఆపే మట్టికట్ట. పెద్దవాళ్ళు రోజుకి ఎనిమిది డాలర్లు కట్టాలి, పిల్లలకి ఏమీ లేదు. సొంత పొలాలున్నవాళ్ళు తమ కొండల్లోనే కాల్చుకుంటారు. నాలాంటి చక్రాల ట్రైలర్ ఇళ్ళవాళ్ళకి, అద్దెకుండేవాళ్ళకి ఇది తప్ప వేరే చోటు లేదు. నేను బడి వంటగదిలో పనిచేస్తాను. అక్టోబరు చివర వేట మొదలైనప్పుడు ఒక పెద్ద దుప్పి దొరికితే చలికాలమంతా మాంసం కొనక్కర్లేదు. అందుకని ఏటా అంతకుముందే వచ్చి తుపాకి గురి సరిచూసుకుంటాను.

నెడ్రా రూళ్ళు కొత్తవాళ్ళకి విసుగు పుట్టించేవి. ఎండిన గడ్డి మీద నిప్పురవ్వలు పడతాయని ఉక్కు తూటాలు వద్దనేది. సీసాలు, డబ్బాలు పెట్టి కాల్చనిచ్చేది కాదు. వీటన్నిటికంటే పెద్ద రూలు ఒకటుండేది. ఆమె "ఆపండి" అని అరిచిందంటే ప్రతి తుపాకీ తెరిచి, ఖాళీ చేసి, ఖాళీదని దూరానికి తెలిసేలా లోపల నారింజరంగు ప్లాస్టిక్ పుల్ల పెట్టి, బల్లమీద వదిలేసి, అందరూ పసుపు గీత వెనక్కి రావాలి. కాలుస్తున్నంతసేపూ పైన ఎగిరే ఎర్రజెండాని అప్పుడు దించేది. కాగితాలు మార్చుకునేవాళ్ళు ముందుకి వెళ్ళొచ్చు. వాళ్ళు తిరిగొచ్చేదాకా తుపాకిని వేలితో తాకినా సరే, వసంతం దాకా రేంజ్‌లో అడుగు పెట్టనివ్వదు.

ఆమె ఇంత కఠినంగా ఉండడానికి వెనకేదో విషాదం ఉండి తీరాలని కొందరు కథలల్లారు. తమ్ముడు పోయాడని ఒకరు, మొగుడు పోయాడని ఒకరు. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"ఎవరూ పోలేదే, జూనీ," అంది. "ఎవరో ఒకరు పోయేదాకా ఆగి, ఆ తరవాత జాగ్రత్తపడాలా ఏంటి?"

ఆ సెప్టెంబరులో రంపపు మిల్లులో పనిచేసే కొత్తతను ఒకడు, ముందు కాగితాల దగ్గర మనుషులుండగా తుపాకి పక్కకి జరిపాడు. ఎండ తగులుతోందని జరిపానన్నాడు. నెడ్రా అతన్ని పంపేసింది. కమిటీలో ఒక్కరు కూడా నోరెత్తలేదు. పైగా మంచి పని చేశావని మెచ్చుకున్నారు.

అక్టోబరులో అదే తప్పు వార్డ్ టింగ్లీ చేశాడు.

వార్డ్‌కి కంకర క్వారీ ఉంది. మనిషి చెడ్డవాడు కాదు, నలుగురికీ సాయపడతాడు, నవ్వుతూ మాట్లాడతాడు. రేంజ్ మీది రేకులకప్పు అతను వేయించిందే. ఇంకో వైపున రెండు వందల గజాల మైదానం కూడా తన ఖర్చుతో చదును చేయిస్తానని మాటిచ్చి ఉన్నాడు.

ఆ శనివారం బల్లలన్నీ నిండిపోయాయి. నెడ్రా "ఆపండి" అంది. అందరం తుపాకులు వదిలి వెనక్కి వచ్చాం, జెండా దిగింది. కాగితం, స్టేప్లర్ పట్టుకుని నేను ముందుకి నడిచాను. నాతో ఇంకొంతమంది. కాగితం నాలుగు మూలలా కొడుతుంటే వెనక నుంచి ఆ గొంతు వినిపించింది. అరుపు కాదు. అరుపైతే నేనంత బెదరను.

"వార్డ్. చెయ్యి తియ్యి."

వెనక్కి తిరిగి చూశాను. అంతమందిలో ఒక్క వార్డే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. భుజానికి తుపాకి, కంటికి దానిమీద బిగించిన దుర్భిణి. తుపాకి గొట్టం మా వైపుంది.

"తెరిచే ఉంది నెడ్రా, ఖాళీది," అన్నాడు తల ఎత్తకుండానే. "కొత్త దుర్భిణి. ఊరికే చూస్తున్నా."

"అక్కడ మనుషులున్నారు. కింద పెట్టి లే."

లేచాడు, నవ్వుతూ. మేం వెనక్కి వచ్చేసరికి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నెడ్రా అతని తుపాకి తీసుకుని లోపల చూసింది. నిజంగా ఖాళీదే.

"చూశావుగా," అన్నాడు.

"చూశాను. సామాను సర్దుకో. ఏప్రిల్లో కలుద్దాం."

"వేళాకోళమా?"

"కాదు."

"నీ నెత్తిమీద ఈ కప్పు ఎవరేశారు నెడ్రా?"

"నువ్వే. వాన పడనివ్వదు, మంచి కప్పు. సర్దుకో."

అతను కదల్లేదు. ఆమె జెండా ఎగరెయ్యలేదు. జెండా లేస్తేగాని ఎవరూ కాల్చకూడదు. పొద్దు వాలుతోంది, వెనక ట్రక్కుల్లో ఇంకా జనం ఎదురుచూస్తున్నారు. కాసేపటికి సణుగుడు మొదలైంది. ఆ సణుగుడు వార్డ్ మీద కాదు. "పోనీలే నెడ్రా, వదిలెయ్యి, చీకటి పడిపోతోంది," అంటున్నారు. కాసేపటి కిందట ఆ గొట్టం ముందు నిలబడి వచ్చినవాళ్ళు కూడా అదే మాట. నా ఒళ్ళు మండిపోయింది. చివరికి వార్డ్ తుపాకి పెట్టెలో పెట్టి, టపటపా గడియలు వేసి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున కాఫీ హోటల్లో కూర్చుంటే, వెనక బల్ల దగ్గర వార్డ్ తన కొత్త దుర్భిణి గురించి చెబుతున్నాడు. నేనున్నట్టు చూసుకోలేదు.

"ఎంత స్పష్టంగా ఉందంటే, మన జూనీ లేదూ, దాని ఎర్రగళ్ళ కోటు వీపు మీద మాసిక ఉంటుంది. ఆ మాసిక కుట్లు కూడా కనపడ్డాయి నాకు."

అందరూ నవ్వారు. మా అమ్మ కోటు అది. వెన్నెముకకి సరిగ్గా మధ్యన ఉంటుంది ఆ మాసిక.

ఆ వారమే కమిటీ అగ్నిమాపక షెడ్డులో సమావేశం పెట్టింది. వార్డ్ వచ్చాడు, వినడానికి నేనూ వెళ్ళాను. అధ్యక్షుడు లైల్ ఓస్ట్‌బీ మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించడు. నెడ్రాని ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"రూలు తప్పని ఎవరూ అనట్లేదు. నువ్వన్న పద్ధతే... అందరి ముందూ. ఒక్క మాట సారీ అనెయ్యి నెడ్రా, ఇక్కడితో అయిపోతుంది."

"మిల్లు అతనికి కూడా మీరు సారీ చెప్పించారా నా చేత?"

"అది వేరు."

"ఏం వేరు?"

లైల్ కాగితాలు సర్దుకున్నాడు. ఆ వేరేమిటో షెడ్డులో అందరికీ తెలుసు. రెండు వందల గజాల మైదానం.

నేను లేచాను. కమిటీ మనిషిని కాను, మాట్లాడే హక్కు లేదు, అయినా లేచాను. "అతను చూసింది నా వీపు. నన్నెవరూ అడగలేదేం?"

వార్డ్ నావైపు తిరిగాడు. నిజంగానే నొచ్చుకున్న మొహం. "జూనీ, నిన్ను నేను కాలుస్తానా?"

"కాలుస్తావని ఎవరన్నారు? దుప్పిని చూసినట్టు చూశావు. చూసి, కుట్లు బాగున్నాయని హోటల్లో చెప్పుకుని నవ్వావు. నీ కూతురు నిలబడి ఉంటే ఆ గొట్టం లేపేవాడివా?"

"ఖాళీదని నాకు తెలుసు."

"నాకు తెలీదు కదా."

అయినా ఓటుకి చేతులెత్తేటప్పుడు కమిటీవాళ్ళంతా వార్డ్ వైపే ఎత్తారు. మొదటిసారి తప్పు చేస్తే హెచ్చరించి వదలాలని కొత్త తీర్మానం. నెడ్రా సారీ చెప్పేదాకా ఆమె స్థానంలో లైల్ చూసుకుంటాడు. మిల్లు అతని మాట తీర్మానంలో లేదు. అతన్ని పిలవాలని కూడా ఒక్కరికీ తోచలేదు.

నెడ్రా లేచి కోటు వేసుకుంది. "సారీ చెప్పను లైల్. శనివారం వస్తాను. ఎనిమిది డాలర్లు కట్టి కాల్చుకుంటాను," అంది.

అన్నట్టే వచ్చింది. డబ్బు పెట్టెలో వేసి, చివరి బల్ల దగ్గర కూర్చుంది. అక్కడ ఎప్పుడూ నిలబడి ఉండే మనిషి, అందరిలాగే వీపు వంచి కూర్చుంటే చూడలేకపోయాను.

లైల్ గొంతు చిన్నది. "ఆపండి" అన్నప్పుడు, మోత తగలకుండా చెవులకి డిప్పలు పెట్టుకున్నవాళ్ళలో సగం మందికి వినపడలేదు. అతను అన్నాక కూడా ఒక తుపాకి పేలింది. మళ్ళీ అన్నాడు. అంతా ఆగారు. జెండా దించాడు. ఒకతని తుపాకిలో ప్లాస్టిక్ పుల్ల లేదు, అది లైల్ చూడలేదు. అందరితో పాటు గీత వెనక నిలబడ్డ నెడ్రా చూసింది. లైల్‌ని పిలిచి చూపించింది, అతను పెట్టించాడు.

"ఇప్పుడు వెళ్ళొచ్చు," అన్నాడు లైల్.

నేను కదల్లేదు. స్టేప్లర్ చేతిలోనే ఉంది. పసుపు గీత దగ్గరికి వెళ్ళిన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"వెళ్ళు జూనీ," అన్నాడు లైల్.

"వెళ్ళను. నువ్వు చూసుకుంటావని నాకు నమ్మకం లేదు."

నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నాను. పక్కన ఇంకొకామె కూడా ఆగింది. ఆమె పక్కన ఆమె మొగుడు. పోయిన శనివారం పోనీలే పోనీలే అని సణిగినవాళ్ళు కూడా నేల చూపులు చూస్తూ గీత వెనకే ఉండిపోయారు. ఒక్కరు కూడా ముందుకి వెళ్ళలేదు.

లైల్ మొహం ఎర్రబడింది. "ఇందులో ఏముంది? నేనే వెళ్ళొస్తాను, చూడండి," అన్నాడు. బయల్దేరాడు.

నూరు గజాలు చిన్న దూరమే. కొంతదూరం నడిచి వెనక్కి చూశాడు. ఇంకొంత నడిచి మళ్ళీ చూశాడు. అక్కడి నుంచి చూస్తే వరసగా బల్లలు, వాటిమీద తుపాకులు, అన్నిటి గొట్టాలూ తనవైపే, వెనక ముప్ఫైమంది మనుషులు. వాళ్ళని కనిపెట్టి చూడాల్సిన మనిషి తనే, తనేమో ఇక్కడ ముందున్నాడు. సగం దారి దాటాక చూపు వెనక్కే పెట్టి, పక్కవాటంగా నడిచాడు. చట్రం దాకా వెళ్ళి ఒక చెయ్యి దానిమీద పెట్టాడు. అంత చలిలోనూ తిరిగొచ్చేసరికి కాలర్ తడిసి ఉంది.

గీత వెనక ఉన్న నెడ్రా దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "నువ్వు చూసుకో," అన్నాడు.

"తీర్మానం సంగతేంటి?"

"నేను చూసుకుంటా."

ఆమె పుల్లలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వరస చివరిదాకా నడిచింది. అప్పుడు తలూపింది. మేమంతా వెళ్ళి కాగితాలు మార్చుకుని వచ్చాం.

తీర్మానం ఆ తరవాతి సమావేశంలో ఎత్తేశారు. వార్డ్ ఆ మైదానం చదును చేయించలేదు. ఇప్పటికీ రెండు వందల గజాలు కాల్చాలంటే మేం పక్క కౌంటీకి పోవాలి. పెట్రోలు పోసుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు నెడ్రాని తిడతారు. ఆమె ముందు కాదు, నా ముందు. ఖాళీ తుపాకి కదా, అంత చెయ్యాలా అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా వీపు మధ్యన చల్లగా అవుతుంది. నెడ్రాకి మాత్రం ఎవరిమీదా కోపం లేదు. మిల్లు అతనికీ వార్డ్‌కీ ఏప్రిల్లో ఒకే రోజు నుంచి రావచ్చని చెప్పింది. మిల్లు అతను వచ్చాడు. వార్డ్ రాలేదు.

మేలో కూరగాయల కొట్లో వార్డ్ ఎదురుపడ్డాడు. బండి తోసుకుంటూ వచ్చి నా పక్కన ఆగాడు.

"ఇంకా కోపమేనా జూనీ?"

"అవును," అన్నాను ఉల్లిపాయలు ఏరుకుంటూ.

ఇంకేమన్నా అంటాడేమోనని చూశాను. తను కూడా ఒక సంచి తీసుకుని, నా పక్కనే నిలబడి ఉల్లిపాయలు ఏరడం మొదలుపెట్టాడు.