జవాబు చెప్పేవాడి కుర్చీ

నా చిన్నప్పుడు మా ఊళ్లో పేపరు చదవడం ఒక్కరి పని, వినడం అందరి పని. చదివేది మా తాతయ్య. కోటబొమ్మాళి స్టేషన్లో దిగిన పేపరు సైకిలు మీద మా వీధరుగు చేరేసరికి పొద్దు వాలేది. అప్పటికే అరుగు నిండిపోయి ఉండేది. పెద్ద అక్షరాలు మనవరాలిగా నేను చదివేదాన్ని, చిన్న అక్షరాలు తాతయ్య చదివేవారు.

మా వాళ్లు ఒకప్పుడు మొఖాసాదార్లు, అంటే ఊరి శిస్తు వసూలు చేసుకునే దొరలు. నాకు బుద్ధి తెలిసేసరికి భూములు పోయాయి, పల్లకీకి చెదలు పట్టింది, దివాణంలో సగం కప్పు కూలింది. జాలి కోసం ఈ మాట చెప్పడం లేదు. జాలి పుచ్చుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. మిగిలినవాటిలో చెప్పుకోదగ్గది ఒక టేకు కుర్చీ. మా ముత్తాత అందులో కూర్చునే రైతుల మొర వినేవారట. రైతులు కింద మట్టిలో నిలబడేవారట.

తాతయ్య ఆ పద్ధతిని తలకిందులు చేశారు. పేపరు చదవడం అయ్యాక, ఆ వార్త సంగతి ఎరిగినవాళ్లను ఒకరిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టేవారు. తాను కింద చాప మీద, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని అడిగేవారు. ధాన్యం ధర గురించి రాస్తే సంతకు వెళ్లొచ్చిన రైతుని, జానపద కళల గురించి రాస్తే తప్పెటగుళ్లు ఆడే ముసలాయన్ని. కుర్చీలో ఉన్నంతసేపూ ఎవరినీ 'ఒరే' అనేవారు కాదు. వాళ్లు చెప్పింది మళ్లీ పేపరు చదివే గొంతుతోనే పైకి చెప్పేవారు. అచ్చులో పడ్డ మాటకి ఎంత గౌరవమో, మా ఊరివాడి మాటకీ అంతే అన్నట్టు.

నవ్వులకీ లోటుండేది కాదు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టాడని చదివిన రోజున ఒక రైతు, "అక్కడ వరి పండుతాదేటి బాబూ?" అని అడిగాడు. "నీ మడికే నీళ్లు లేవు, సెందురుడి మీద నాగలి కడతావేట్రా మావా!" అని పక్కవాడు అంటే అరుగంతా గొల్లుమంది. మా నాయనమ్మ మాత్రం నవ్వేది కాదు. మామగారు కూర్చున్న కుర్చీలో ఎవరెవరో కూర్చోవడం ఆవిడకి చివరిదాకా మింగుడుపడలేదు.

ఆ ఏడు వానాకాలంలో వంశధార రేవులో పడవ తిరగబడింది. మనుషులంతా ఎలాగో ఒడ్డు చేరారు గాని, ధాన్యం బస్తాలూ రెండు దూడలూ ఏటిపాలయ్యాయి. తాతయ్యకు ఉన్న ఒక్క అల్లుడు, మా మావయ్య, ఆ పడవలోనే ఉన్నాడు. తడిసి ముద్దై మా ఇంటికే తిరిగొచ్చాడు. ఏం జరిగిందని అడిగితే, "ఏరు కదా" అని ఊరుకున్నాడు. తక్కిన వాళ్లూ నోరు విప్పలేదు.

తర్వాత పేపర్లో నాలుగు ముక్కలు పడ్డాయి. పడవవాడు తాగి ఉండటమే ప్రమాదానికి కారణమట. తాతయ్య ఉన్నదున్నట్టు చదివారు. రేవు ఇంకొకరికి ఇచ్చేద్దామని అరుగు మీద గుసగుసలు మొదలయ్యాయి. పడవవాడు మెట్టు దగ్గర తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. వాడి తాతల నాటి నుంచి ఆ రేవే వాళ్లకు కూడు. అది పోతే పిల్లాజెల్లాతో ఊరు విడవాల్సిందే.

తాతయ్య వాడిని కుర్చీలోకి రమ్మన్నారు. వాడు అంచు మీద భయంభయంగా కూర్చున్నాడు.

"తాగేవా?"

"మా అమ్మ తోడు బాబూ, ఆ పొద్దు గంజి కూడా తాగలేదు."

"మరి అంత పోటులో పడవెందుకు ఇప్పేవు?"

వాడి చూపు లోపలి గుమ్మం వైపు పోయింది. తలుపు చాటున నాయనమ్మ దగ్గింది. ఇక అడగొద్దని ఆ దగ్గుకి అర్థమని మా ఇంట్లో అందరికీ తెలుసు. తాతయ్య అటు చూడలేదు.

"ఎందుకు ఇప్పేవు? నాను కింద కూకున్నాను, నువ్వు పైన ఉన్నావు. నీకు బయమేటి?"

"వద్దన్నాను బాబూ. ఏరు తగ్గనీండి అన్నాను. రైలు అందదని అల్లుడుబాబు గదమాయించేరు. ఇప్పకపోతే రేపట్నుంచి రేవు నీది కాదన్నారు."

తాతయ్య వెన్ను ఒక్క వేలెడైనా వంగలేదు. ప్రతిరోజూ చెప్పే గొంతుతోనే, ఒక్క మాట మింగకుండా, ఆ జవాబంతా పైకి చెప్పారు. 'అల్లుడుబాబు' అన్న మాటను 'మా అల్లుడు' అని మార్చి చెప్పారు. పడవలో ఉన్న ఇంకో ఇద్దరు లేచి, నిజమే బాబూ, మేమూ విన్నాం అన్నారు.

అప్పుడు తాతయ్య పడవవాడిని దిగమని, లోపలికి చూసి, "అల్లుడుగారూ, కుర్చీ ఖాళీగా ఉంది. రండి, మీరూ చెప్పండి" అన్నారు. తాను చాప మీద నుంచి లేవలేదు. ఆయన్నీ కింద కూర్చునే అడగదలిచారు. దీపం పెట్టేదాకా అందరం చూశాం. లోపలి నుంచి ఎవరూ రాలేదు. "ఈ ప్రశ్నకి మా ఇంటి నుంచి జవాబు రాలేదు" అని, అదీ పేపరు చదివినట్టే చదివి, తాతయ్య కళ్లజోడు తీసేశారు.

రేవు పడవవాడికే ఉండిపోయింది. మావయ్య తెల్లారకుండా అత్తని తీసుకుని వెళ్లిపోయాడు, చాలా పండగలకి ఆవిడని పుట్టింటికి రానివ్వలేదు. నాయనమ్మ ఆ పండగలన్నిటికీ తాతయ్యతో మాట్లాడకుండానే వడ్డించింది. ఆయన దేనికీ సంజాయిషీ చెప్పలేదు. మర్నాడు పేపరు రాగానే యథాప్రకారం చాప పరిపించారు.

వంశం గురించి నన్ను అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. భూముల సంగతీ పల్లకీ సంగతీ నేనెత్తను. ఆ సాయంత్రం చెబుతాను. కుర్చీ నా దగ్గరే ఉంది. పత్రికల వాళ్లూ టీవీ వాళ్లూ ఎత్తైన సీట్లలో కూర్చుని మనుషుల్ని నిలదీయడం చూస్తే నాకు ఆ చాప గుర్తొస్తుంది. నా ఇంట్లో ఎవరినైనా, పనిమనిషినైనా సరే, ఒక నిజం అడగవలసి వస్తే కుర్చీ వాళ్లకు వేస్తాను. మోకాళ్లు సహకరించకపోయినా నేను కిందే కూర్చుంటాను, వెన్ను మాత్రం వంచను.